పాత సింపుల్ కారులో ఉన్న మజా కొత్త స్పోర్ట్స్ కార్లలో ఉందా?

కావలి తమ్ముడొకడు అడిగాడు. చెన్నైలో ఉద్యోగం, పెళ్ళయింది, ఏడాది పాప ఉంది. శుక్రవారం రాత్రి బయల్దేరి ఇంటికొచ్చి, ఆదివారం సాయంత్రం వెళ్ళిపోతాడు. చేతిలో పదిహేను లక్షల దాకా ఉన్నాయి. "పాత స్పోర్ట్స్ కార్లలో ఉన్న మజా కొత్తవాటిలో లేదని కార్ల పిచ్చి ఉన్న విదేశీయులంతా అంటున్నారు, నిజమేనా అన్నా? నిజమైతే ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ లాంటి టర్బో కారు మానేసి, పాత మారుతి ఎస్టీమో జెన్నో కొని బాగుచేయించుకుందామా?" అని. అన్నా అన్నాడు కాబట్టి నువ్వు అనే రాస్తాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. వాళ్ళనేది నిజమే. మామూలు రోడ్డు మీద, మామూలు స్పీడులో, తేలికైన పాత కారు ఇచ్చే తృప్తి ఇప్పటి కార్లలో చాలావాటిలో దొరకదు. అయితే ఆ తృప్తి బరువు తక్కువగా ఉండటం వల్ల, స్టీరింగ్ వల్ల, గేర్ల వల్ల వస్తుంది. కారు పాతబడినంత మాత్రాన రాదు. ఈ మూడూ బాగాలేని పాత కారు కొంటే నీకు మిగిలేది మెకానిక్ ఫోన్ నంబరే. ఇక నీ పరిస్థితిలో ఇంటికి ఉన్న ఒకే ఒక్క కారు పాతదై ఉండకూడదు. దాని గురించి చివర్లో చెప్తాను.

నాది నెల్లూరు ఆటోనగర్. మధ్యలో కొన్నేళ్ళు కువైట్‌లో, షువైఖ్‌లోని ఒక గ్యారేజీలో పనిచేశాను. మన వైపు నుంచి అక్కడికి ఎక్కువమంది డ్రైవర్లుగా వెళ్తారు, నేను మెకానిక్‌గా వెళ్ళాను. రిపేరయిన కారును ఓనరుకి ఇచ్చేముందు ఒక రౌండు తోలి చూసే పని నాకు అప్పజెప్పేవాళ్ళు. నా జీతంతో టైరు కూడా కొనలేని కార్లు అలా నా చేతి మీదుగా వెళ్ళాయి. వాటిలో రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు, మొదటి తరం మాజ్డా ఎమ్‌ఎక్స్-5 ఉంది, గాలితో చల్లబడే ఇంజన్ ఉన్న పాత పోర్షా 911 ఉంది, వాటి తర్వాతి తరాల కార్లూ ఉన్నాయి.

తేడా ఎక్కడ తెలుస్తుందో మన రోడ్డు మీదే చెప్తాను. రాపూరు దాటి చిట్వేలి వైపు ఘాట్ ఎక్కు. సన్నటి రోడ్డు, ఒకదాని వెంట ఒకటి మలుపులు. మంచి కండిషన్‌లో ఉన్న ఎస్టీమ్‌లో, సెకండ్ గేర్లో నలభై మీద మలుపులోకి తిప్పావనుకో. ముందు చక్రాల మీద పడ్డ బరువు చేతికి తెలుస్తుంది. ఇంకొంచెం కాలు నొక్కితే సన్న టైరు పట్టు వదలబోతుంది, దానికంటే ముందే స్టీరింగ్ ఒక్క రవ్వ తేలికవుతుంది. అక్కడ కాలు కాస్త తీస్తావు, కారు ముక్కు మళ్ళీ మలుపు లోపలికి తిరుగుతుంది. ఇంజన్ శబ్దాన్ని బట్టే ఎప్పుడు థర్డ్‌కి వెయ్యాలో తెలిసిపోతుంది, మీటరు వంక చూడవు. ఈ కథంతా గంటకు యాభై లోపలే జరిగింది. ఎదురుగా ఆర్టీసీ బస్సొచ్చినా ఆపుకోగల స్పీడు.

అదే మలుపుని అదే స్పీడులో 1.5 లీటర్ ఇంజన్ ఉన్న వర్టస్ జీటీతో తిప్పు. ఏమీ జరగదు. 150 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్ల టార్కు (అంటే చక్రాల్ని తిప్పే బలం), వెడల్పాటి టైర్లు, దాదాపు టన్నుంపావు బరువు. యాభైలో అది నిద్ర కూడా లేవదు. ఎనభైకి తీసుకెళ్తే అప్పుడు కాస్త ఉత్సాహం వస్తుంది. ఆ రోడ్డు మీద ఎనభైలో పోతే పిట్టగోడ అవతలే. చాలా మంచి కారు, నాకు ఇష్టమైన కారు కూడా. కానీ అది పూర్తిగా మేలుకునే స్పీడుకి తగిన మలుపు మన జిల్లాలో ఎక్కడుంది? కోవూరు వైపు కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డెక్కితే చీమకుర్తి గ్రానైట్ లారీలు. హైవే ఎక్కితే గీత గీసినట్టు తిన్నటి రోడ్డు, స్పీడ్ గన్‌లు. హైవే మీద నూట ఇరవైలో తిన్నగా పోవడంలో డ్రైవర్ చేసే పనేమీ లేదు, పెట్రోలు కాలడం తప్ప.

స్టీరింగ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు గొడవంతా అక్కడే ఉంది. పవర్ లేని స్టీరింగ్‌లో చక్రానికీ చేతికీ మధ్య ఇనుము తప్ప ఇంకేమీ ఉండదు. రోడ్డు మీది రాయి, గతుకు, టైరు జారడం అన్నీ సూటిగా చేతికొస్తాయి. తర్వాత హైడ్రాలిక్ వచ్చింది. ఇంజన్ తిప్పే పంపు నూనెను ఒత్తి నీకు సాయం చేస్తుంది, అయినా రోడ్డు కబురు చాలావరకు చేతికి చేరుతుంది. ఇప్పుడున్నది ఎలక్ట్రిక్. మోటారు తిప్పుతుంది, ఎంత బలంతో తిప్పాలో కంప్యూటర్ చెప్తుంది. పెట్రోలు ఆదా అవుతుంది, కొన్నిటిలో లేన్ తప్పితే కారే సరిచేసుకుంటుంది, పార్కింగ్‌లో చూపుడు వేలితో తిప్పొచ్చు. కంపెనీలు దానికి మారడంలో తప్పేమీ లేదు. కానీ చేత్తో అన్నం కలుపుకుని తినడానికీ, స్పూన్‌తో తినడానికీ ఉన్న తేడా అది. కడుపు నిండుతుంది, వేళ్ళకి ఏమీ తెలియదు. 2011లో 991 మోడల్‌తో పోర్షా కూడా 911కి ఎలక్ట్రిక్ స్టీరింగ్ పెడితే, అప్పటిదాకా ఆ కారుని దేవుడిలా చూసినవాళ్ళే మొహం మాడ్చుకున్నారు. తర్వాత వాళ్ళు దాన్ని బాగానే మెరుగుపరిచారు, అది వేరే సంగతి.

కాలి కింది సంగతీ ఇలాంటిదే. ఎస్టీమ్‌లో యాక్సిలరేటర్ కేబుల్ ఇంజన్ గొంతు దాకా పోతుంది. ఎంత నొక్కితే అంత తెరుచుకుంటుంది. ఇప్పటి కార్లలో నీ కాలు ఒక సెన్సార్‌కి చెప్తుంది, అది కంప్యూటర్‌కి చెప్తుంది. ఆ కంప్యూటర్ పొగ నిబంధనలూ మైలేజీ అన్నీ చూసుకుని గాలి ఎంత వదలాలో నిర్ణయిస్తుంది. బీఎస్6 అనే ఇప్పటి పొగ నిబంధనలకి తగ్గట్టు చేసిన మాన్యువల్ కార్లు చాలావాటిలో క్లచ్ నొక్కి యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ తిరుగుడు వెంటనే తగ్గదు, కాసేపు అలా వేలాడుతుంది. గేర్ మార్చడంలో ఉన్న లయ అక్కడే పోతుంది. కొత్త కారు కొనేటప్పుడు టెస్ట్ డ్రైవ్‌లో ఇది తప్పకుండా చూడు. సేల్స్ కుర్రాడు సన్‌రూఫ్ చూపిస్తుంటాడు, నువ్వు మాత్రం ఫస్ట్ నుంచి సెకండ్, సెకండ్ నుంచి థర్డ్ మారుస్తూ ఉండు.

ఇక కువైట్‌లో తోలిన ఎమ్‌ఎక్స్-5. 1989లో వచ్చిన మొదటి మోడల్‌లో 1.6 లీటర్ ఇంజన్, దాదాపు 115 హార్స్‌పవర్. బరువు టన్ను లోపే. వెనక చక్రాలు తోస్తాయి, ముందు చక్రాలకి తిరగడం ఒక్కటే పని. గేర్ రాడ్ మణికట్టు కదిపితే పడుతుంది. అక్కడి రోడ్ల మీద దాన్ని ఏ పెద్ద జీపైనా దాటిపోయేది. అయినా గ్యారేజీకి తిరిగొచ్చాక ఇంకో రౌండు వెయ్యడానికి సాకు వెతుక్కునేవాణ్ణి. దాని పుట్టుక కథ నీ ప్రశ్నకి బాగా పనికొస్తుంది. 1960ల్లో ఇంగ్లండ్‌లో లోటస్ ఎలాన్ లాంటి చిన్న రోడ్‌స్టర్లు, అంటే పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల కార్లు ఉండేవి. ఈకలాగా తేలిక, తోలితే అమృతం, కానీ నూనె కారేది, వైరింగ్ మొరాయించేది. ఆ తేలికదనాన్ని ఉంచి, రోజూ పొద్దున స్టార్టయ్యే ఇంజన్ పెట్టింది మాజ్డా. 2016 నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి. అంటే జనం కోరుకున్నది ఆ తేలికదనాన్ని. నూనె కారడాన్ని ఎవరూ కోరుకోలేదు. 2015లో వచ్చిన నాలుగో తరం కారు కూడా ఇంచుమించు టన్ను బరువే. కొత్తదే, అందులోనూ మజా ఉంది. అందుకే వయసుని తప్పుబట్టొద్దన్నాను.

కంపెనీలకి ఈ విషయం తెలియదనుకోవద్దు. 2013లో పోర్షా, 911లో ట్రాక్ మీద తోలేవాళ్ళ కోసం చేసే జీటీ3ని ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో మాత్రమే ఇచ్చింది. అది మనిషి చేతికంటే వేగంగా గేర్లు మారుస్తుంది, ట్రాక్ మీద టైము తగ్గుతుంది. అయినా కొనేవాళ్ళు గోల చేశారు. 2017 మోడల్‌లో మాన్యువల్ మళ్ళీ వచ్చింది. స్లో గేర్‌బాక్స్ కావాలని అడిగి మరీ తెప్పించుకున్నారన్నమాట.

నువ్వు అడక్కముందే చెప్తున్నా, ఎమ్‌ఎక్స్-5 మీద ఆశ పెట్టుకోకు. మూడేళ్ళు దాటిన సెకండ్ హ్యాండ్ కారును మామూలుగా దేశంలోకి తెచ్చుకోనివ్వరు.

మరి మనకున్న పాతవన్నీ బంగారమేనా? కాదు. హిందుస్థాన్ మోటార్స్‌వాళ్ళ పాత కాంటెస్సా బొమ్మ చూసి మనసు పారేసుకునేవాళ్ళు నెలకొకడు నా షెడ్డుకి వస్తాడు. చూడటానికి రాజసంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. తోలితే మాత్రం పడవ. స్టీరింగ్ తిప్పాక కారు ఆలోచించుకుని తిరుగుతుంది. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకి, పెట్రోలునీ గాలినీ కలిపే కార్బురేటర్ ఉన్న పాత కార్లలో పెట్రోలు పైపులోనే ఆవిరై, సిగ్నల్ దగ్గర ఆగిపోయిన బండ్ల మీద తడిగుడ్డలు వేసిన రోజులు నాకు గుర్తే. శ్రీశైలం నుంచి దోర్నాలకి ఘాట్ దిగేటప్పుడు పాత బండి బ్రేకులు వేడెక్కి కాలిన వాసన వస్తే, పెడల్ కిందికి పోతుంటే, అందులో మజా ఏముంది? ముందు డిస్కులు చిన్నవి, వెనక డ్రమ్ములు, బ్రేకు నొక్కితే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. ఇంజన్ బ్రేకింగ్ మీద, అంటే చిన్న గేరులో ఇంజన్‌తోనే స్పీడు ఆపుకుంటూ దిగడం తెలియనివాడు పాత కారులో ఆ ఘాట్ జోలికి పోకూడదు. పైగా అది పులుల అడవి, సరదాగా స్పీడు తోలే చోటు కాదు. రాత్రి 9 దాటితే గేటు కూడా వేసేస్తారు.

బరువు గురించి ఇంకో మాట. మన వైపు పాతవాళ్ళకి షోళవరం గుర్తుండే ఉంటుంది. మద్రాసుకి ఇవతల, మన ట్రంకు రోడ్డు పక్కనే. ఎప్పటిదో విమానాల రన్‌వే, దాని మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు రేసులు పెట్టేవాళ్ళు. నెల్లూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి చూసొచ్చినవాళ్ళు ఉన్నారు. తర్వాత రేసులు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి మారిపోయాయి. 1980ల్లో ఆ రేసుల్లో, ర్యాలీల్లో పేరు తెచ్చుకున్న కార్లలో బెంగళూరువాళ్ళ సిపానీ డాల్ఫిన్ ఒకటి. ఫైబర్ బాడీ, రెండే తలుపులు, 850 సీసీ దరిదాపుల్లో చిన్న ఇంజన్. షోరూముల్లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఫైబర్ కారులో పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని ఎవడు పోతాడు? తేలిక కాబట్టి పరుగెత్తింది, తేలిక కాబట్టే అమ్ముడుపోలేదు. ఇప్పటి కార్లు బరువెక్కడానికి కారణం కూడా ఈ భయమే, అది సరైన భయమే.

2014లో, కార్లని గుద్ది భద్రతకి స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్‌వాళ్ళు ఎయిర్‌బ్యాగులు లేని మన స్విఫ్ట్‌ని గుద్ది చూస్తే పెద్దవాళ్ళ రక్షణకి సున్నా స్టార్లు వచ్చాయి. 2023లో వర్టస్‌కి, దాని జోడీ స్కోడా స్లావియాకి ఐదు స్టార్లు వచ్చాయి. ఎస్టీమ్, జెన్ ఆ స్విఫ్ట్ కంటే కూడా ముందు తరం. కాబట్టి శుక్రవారం రాత్రి చెన్నై నుంచి కావలికి, లైట్లు లేకుండా ఆగిన లారీల మధ్య, వెనక సీట్లో పాపతో రావడానికి పాత కారు పనికిరాదు. ఇందులో నాతో వాదించకు.

నేనైతే ఏం చేస్తానంటే, నీ పదిహేను లక్షల్లో ఎక్కువ భాగం మాన్యువల్ గేర్లున్న, ఆరు ఎయిర్‌బ్యాగులు, కారు జారిపోకుండా పట్టే ఈఎస్‌సీ ఉన్న కొత్త కారు మీద పెడతాను. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌లో ఇప్పుడు క్లచ్ పెడలున్న అసలైన మాన్యువల్ ఇస్తున్నారు, 120 హార్స్‌పవర్ టర్బో. వర్టస్‌లోనే 1.0 ఇంజన్ మాన్యువల్ చూడు, ముందు భాగం 1.5 కంటే తేలిక, మలుపులో నాకదే నచ్చింది. ఇవేవీ వద్దనుకుంటే మామూలు కొత్త స్విఫ్ట్ ఉంది, బరువు 920 కిలోల దగ్గర. స్టీరింగ్‌లో ప్రాణం లేదు కానీ తేలిక తేలికే. మిగిలిన రెండు మూడు లక్షలతో ఆదివారం పొద్దున తోలుకోవడానికి ఒక పాతది.

ఆ పాతదాన్ని ఎంచుకోవడంలో తొందరపడకు. 1999లో వచ్చిన ఫోర్డ్ ఐకాన్ 1.6, ఆ వెంటే వచ్చిన ఫియట్ పాలియో 1.6, మొదటి తరం హోండా సిటీ వీటెక్, ఈ మూడూ తోలితే అద్భుతం. పాలియో స్టీరింగ్ బరువు, హోండా ఇంజన్ ఆరు వేలు దాటాక పాడే పాట నేను ఎవరికైనా సిఫార్సు చేస్తాను. కానీ ఫోర్డ్ 2021లో ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది, ఫియట్ అంతకుముందే పోయింది, హోండా పాత స్పేర్లు దొరికినా ధర గూబ గుయ్యిమంటుంది. మన ఊళ్ళో ఉండి తోలుకోవాలంటే మారుతి ఒక్కటే దారి. ఎస్టీమ్‌లో 2000 దరిదాపుల్లో వచ్చిన పదహారు వాల్వుల ఇంజన్ తీసుకో, 85 హార్స్‌పవర్, కారు బరువు తొమ్మిది వందల కిలోల లోపు. ఇంజన్ కుటుంబం జిప్సీదే కాబట్టి చాలా స్పేర్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఇంకా సింపుల్‌గా కావాలంటే పవర్ స్టీరింగ్ లేని జెన్. 993 సీసీ, 50 హార్స్‌పవర్, ఇంజన్ మొత్తం అల్యూమినియం. ఒక్కసారి నీళ్ళు అయిపోయి వేడెక్కిందంటే ఇంజన్ పైభాగం, హెడ్ అంటాం, వంగిపోతుంది. రేడియేటర్ మూత తీసి చూడు, నీళ్ళు కాఫీ రంగులో ఉంటే అక్కణ్ణుంచి లేచొచ్చెయ్.

మన దగ్గర అన్నిటికంటే పెద్ద శత్రువు తుప్పు. కావలి, అల్లూరు, మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలిలో ఉన్న కారు పైన పెయింట్ మెరుస్తున్నా లోపల పొడిపొడిగా రాలుతుంటుంది. ఎక్కడెక్కడ చూడాలంటే, బానెట్ ఎత్తితే సస్పెన్షన్ పైభాగం బిగించి ఉండే గుండ్రటి చోటు, డిక్కీలో స్టెప్నీ కింద గుంట, తలుపుల కింది అంచు, మ్యాట్ ఎత్తితే కనబడే నేల. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా కొట్టు. ఖణేల్‌మంటే మంచిది, బొదబొదమంటే లోపల పుట్టీ. ఇంజన్ ఎంత చెడినా చేసుకోవచ్చు, నేల పోయిన కారుకి టింకరింగ్ ఖర్చు కారు ధర దాటిపోతుంది. అందుకే కడప, కర్నూలు వైపు లోతట్టు ఊళ్ళలో తిరిగిన కారు దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా నేను అదే తీసుకోమంటాను. ఢిల్లీ నుంచి వచ్చిన చవక బండ్లూ తిరుగుతుంటాయి. అక్కడ పదిహేనేళ్ళు దాటిన పాత పెట్రోల్ కార్ల మీద ఆంక్షలున్నాయి కాబట్టి ఇటు తోస్తారు. అక్కడి ఆర్టీఓ ఆఫీసు ఇచ్చే అభ్యంతరం లేదన్న కాగితం (ఎన్‌ఓసీ) సరిగ్గా లేకుండా వాటిని ముట్టుకోవద్దు.

పెట్రోలు మాట కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసింది, ఈ కార్లు దానికోసం చేసినవి కావు. కొనగానే పెట్రోలు పోయే రబ్బరు పైపులన్నీ కొత్తవి వేయించు, ఖర్చు తక్కువే. నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది, కాబట్టి వారానికోసారైనా తోలు. తోలలేకపోతే కొనకు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో పాత ఓనరు చెప్పలేకపోతే మారలేదనే లెక్క. సస్పెన్షన్ కీళ్ళలో ఉండే రబ్బరు బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, గేర్ లింకేజీ బుష్‌లు అన్నీ ఒకేసారి మార్పించు. పాత కారు వదులుగా ఉందనేవాళ్ళు తోలింది అరిగిపోయిన రబ్బరుని. మంచి టైర్లు వెయ్యి, కానీ అందానికని వెడల్పువి వెయ్యకు. సన్న టైరు పెందలాడే జారుతుంది, ఆ జారుడు కబురే కదా నువ్వు డబ్బు పెట్టి కొనుక్కుంటున్నది.

ఆర్‌సీ ఖర్చు లెక్కలో వేసుకో. పదిహేనేళ్ళు దాటిన కారుకి ఐదేళ్ళకోసారి రెన్యూవల్. ఫీజు 5,000, ఇరవై ఏళ్ళు దాటితే 2025 నుంచి 10,000 చేశారు. దాని మీద గ్రీన్ టాక్స్, ఫిట్‌నెస్. ఎస్టీమ్ 2007తో, జెన్ 2006తో ఆగిపోయాయి కాబట్టి నీకు దొరికేవన్నీ ఇరవై అటూ ఇటూ ఉంటాయి. ఆర్‌సీ గడువు అయిపోయిన కారుని "మనమే చేయిస్తాం సార్" అని అంటగడతారు. చేయించి చూపిస్తేనే డబ్బులియ్యి.

మంచి బండి కంటపడితే అడ్వాన్స్ ఇవ్వకముందే ఒకసారి ఆటోనగర్‌కి పట్టుకురా. ఆదివారం సగం షాపులు మూసి ఉంటాయి కాబట్టి శనివారం పొద్దున్నే వచ్చెయ్, లిఫ్ట్ ఎక్కించి కింద చూసి, రెండు మలుపులు తోలి అప్పుడు రేటు మాట్లాడుకుందాం.